గొంతు నిలబడే చోటు – పదకొండో భాగం

బావ పాటలు వినడం ఎందుకు మానేశాడు?

పద్నాలుగేళ్ళుగా ముళ్ళాయన ఈ సందేహాన్ని మోస్తున్నాడు. పైకి ఎవరినీ అడిగింది లేదు. అడిగితే అక్క ఏదో ఒకటి చెప్పేది. వయసనేది, ఓపిక లేదనేది, పని మానుకున్నాక మనిషి అలాగే అయిపోయాడనేది. అవన్నీ నిజమే కావచ్చు. కానీ పియానోలు శ్రుతి చేసి బతికిన మనిషి, ఒక పూట తిండి లేకపోయినా సరే పాట ఉండాలనే మనిషి, ఒకే ఒక్క నెలలో రికార్డులన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాడంటే, దానికి వయసొక్కటే కారణమని నమ్మబుద్ధి కాలేదు. పైగా ఆ నెలలోనే బావ రికార్డ్ ప్లేయరును బాగుచేసి, మెరుగులు దిద్ది తెచ్చి ఇచ్చింది తనే. ఈ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి అతనికి ఎన్నడూ ధైర్యం చాలలేదు. ఉదయాన్నే కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేటప్పుడు మాత్రం పిలవని చుట్టాల్లా ఆ రెండూ వచ్చి పక్కపక్కనే కూర్చునేవి.

కిందటి వారం మనం అతన్ని పనిబల్ల ముందు, చేతిలో మీటరుతో వదిలేశాం. మేనకోడలు, అంటే బావ కూతురు, ఆ పాత ప్లేయరును కారులో వేసుకొచ్చి దించింది. దానితో పాటు ఇంకో పెట్టె కూడా తెచ్చింది. అందులో ఉన్నది కొత్త టోన్ ఆర్మ్. టోన్ ఆర్మ్ అంటే రికార్డు మీద ముల్లును మోసే చెయ్యి. రెండేళ్ళు జీతంలో మిగిల్చి కొన్న చెయ్యి అది. నాన్నకి డెబ్బై రెండు నిండుతున్నాయనీ, ఇది బిగిస్తే ఆయన మళ్ళీ పాట వింటాడేమోననీ ఆ పిల్ల ఆశ. ముళ్ళాయన పాత చేతిని విప్పబోతూ, అలవాటు కొద్దీ దాని తీగల్ని, ఒకే తీగ రెండు కొసలకీ తగిలితే కూసే మీటరుతో పరీక్షించాడు. మీటరు కూయవలసిన చోట కూయలేదు. కూయకూడని చోట కూసింది.

వీధిలో అందరూ అతన్ని ముళ్ళాయన అంటారు. ఇరవై ఏళ్ళు గడియారాల ముళ్ళు సరిచేశాడు. గడియారాలు కట్టుకునేవాళ్ళు తగ్గిపోయాక రికార్డ్ ప్లేయర్ల ముళ్ళ మీద పడ్డాడు. పేరు మార్చవలసిన అవసరం రాలేదు. ఇంటి వెనక గదిలోనే పని. రికార్డు పెట్టే పళ్ళెం తిరిగే ఇరుసుకు నూనె మారుస్తాడు, మోటారు వణుకు పీటకి తగలకుండా మెత్తలు వేస్తాడు, పలచటి చెక్క పీట తీసేసి పొరలు పొరలుగా అతికించిన బరువైన పీట చేస్తాడు, చేతి లోపలి తీగలు మార్చి మేలైనవి లాగుతాడు. దూరాల నుంచి కూడా తెచ్చి ఇస్తారు. చేతి లోపల తీగలు మార్చడమంటే ఎలాంటి పనో భార్య ఒకసారి పక్కింటావిడకి చెప్పింది: “దారప్పోగును దోమ ముక్కులోంచి లాగడం.”

అలాంటి పనిలో అతను మొట్టమొదట చెయ్యి పెట్టింది బావ ప్లేయరు మీదే.

ఆ రోజు జరిగిందంతా ఇప్పుడు, మీటరు కూసిన మరుక్షణం, నిన్న జరిగినట్టు కళ్ళ ముందుకొచ్చింది. చేతిలోంచి నాలుగు తీగలు పోతాయి. ఎడమ స్పీకరుకి రెండు, కుడి స్పీకరుకి రెండు. ప్రతి జతలోనూ ఒకటి పోయే దారి, ఇంకొకటి వచ్చే దారి. కొత్త తీగలు తల వెంట్రుక కన్నా సన్నం, నాలుగూ ఒకే రాగి రంగు. ఏది ఏదో పోల్చుకోవడానికి భార్య గోళ్ళరంగు సీసా తెచ్చుకుని చివర్ల మీద చుక్కలు పెట్టాడు. ఒకదానికి ఒక చుక్క, ఒకదానికి రెండు, అలా. తెలివైన పనే. తరవాత తీగలు పొడవయ్యాయని చివర్లు కత్తిరించాడు. కుడి జత దగ్గరికి వచ్చేసరికి కత్తిరించిన ముక్కలతో పాటు చుక్కలు కూడా నేల మీద పడ్డాయి. ఒక్క క్షణం ఆగాడు. ఏది ఏదో తనకి గుర్తుందనుకున్నాడు. తన వేళ్ళు చెప్పిందే చాలనుకుని టంకం పెట్టేశాడు. కుడి జతలో పోయే దారీ వచ్చే దారీ తారుమారయ్యాయి.

పరీక్ష చెయ్యలేదా అంటే, చేశాడు. అప్పట్లో అతని బల్ల మీద ఉన్నది ఒకే ఒక్క స్పీకరు. ముందు ఎడమ తీగలు దానికి తగిలించి విన్నాడు, పాట పలికింది. తరవాత కుడి తీగలు తగిలించాడు, పలికింది. విడివిడిగా వింటే రెండూ నిజమే చెప్పాయి. పక్కపక్కన పెట్టి ఒకేసారి పాడిస్తే తప్ప ఆ తప్పు బయటపడదు. ఒక స్పీకరు ముందుకు తోసిన క్షణంలో ఇంకొకటి వెనక్కి లాగుతుంది. రెంటి మధ్యా నిలబడవలసిన గొంతు అక్కడ నిలబడలేక గది మూలలకి చెదిరిపోతుంది. ఈ సంగతి అతను ఆ తరవాత నేర్చుకున్నాడు. నలభై చేతులు మార్చాడు, ఒక్కదానిలోనూ ఈ పొరపాటు రానివ్వలేదు. మొదటిదాన్ని మాత్రం మళ్ళీ తెరిచి చూడలేదు.

తెలియక చేసిన తప్పుకి దేవుడు శిక్ష వెయ్యడని చిన్నప్పటి నుంచి విన్నాడు. వెయ్యడేమో. కానీ ఆ తప్పు తన దగ్గర ఆగకుండా ఇంకొకరి ఇంట్లో కూర్చుని పద్నాలుగేళ్ళు పనిచేస్తూ ఉంటే, ఆయన ఎటు చూస్తున్నట్టు? ఈ ప్రశ్న మనసులోకి వచ్చినందుకు అతనే కొంచెం భయపడ్డాడు. మళ్ళీ తనే అనుకున్నాడు, ఇవాళ మీటరు చేత కూయించింది ఎవరై ఉంటారని.

మధ్యాహ్నం మేనకోడలు వచ్చింది. కొత్త చేతికి రంధ్రం ఎక్కడ కోస్తున్నాడో చూద్దామని. కొత్తది పాతదానికన్నా పొడుగు. పళ్ళెం ఇరుసు నుంచి చేతి కీలు దాకా ఉండవలసిన దూరం వేరు, అందులో అర మిల్లీమీటరు తేడా వచ్చినా ముల్లు గాడిలో ఏటవాలుగా నడుస్తుంది. కొత్త రంధ్రం కోస్తే పాతది అందులో కలిసిపోతుంది. ఆ తరవాత పాత చేతికి ఈ పీట మీద చోటుండదు. పెన్సిలు గీత గీసి, రంపం పక్కన పెట్టి, అతను ఊరికే కూర్చుని ఉండడం చూసి ఏమైందని అడిగింది.

చెప్పాడు. దాచే ఓపిక లేకపోయింది.

ఆ పిల్ల మొదట నమ్మలేదు. తరవాత మీటరు తనే పట్టుకుని చూసింది. తరవాత కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఆ నెలలో నాన్నకి జ్వరం వచ్చిందనీ, కుడి చెవి దిబ్బడేసిందనీ తనకి గుర్తుందంది. జ్వరం తగ్గింది, చెవీ తెరుచుకుంది. కానీ నాన్న ప్లేయరు ముందు కూర్చుని పాట పెట్టి, రెండు నిమిషాలకే తీసేసి, కుడి చెవి పోయిందని అమ్మతో అన్నాడు. చెవుల డాక్టరు చూసి, వయసుకి తగ్గట్టు బాగానే ఉన్నాయన్నాడు. “ఆయన చెవులు చూశాడు. నేను వినేది చూడలేదు” అన్నాడట నాన్న. ఇంకో నెలకి పియానోల కొట్టు భాగస్తుడికి వదిలేసి ఇంటికి వచ్చేశాడు.

కొట్టు అసలు ఎందుకు వదిలేశాడో ముళ్ళాయనకి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. మోకాళ్ళ నొప్పులన్నారు. పాట పోయిందనే అనుకున్నాడు ఇంతసేపూ. పోయింది బతుకుతెరువు.

మేనకోడలు వచ్చి అతని ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. నెమ్మదిగానే మాట్లాడింది.

“చెప్పకు మావయ్యా. కొత్త చెయ్యి బిగించు. నాన్న వింటాడు, బాగుందంటాడు, మావయ్య చెయ్యి మంచిదంటాడు. అంతటితో పోతుంది. ఇప్పుడు ఇది చెప్పావంటే ఆ పద్నాలుగేళ్ళూ ముందేసుకుని ఒక్కొక్క రోజూ తవ్వుకుంటాడు. ఆయన వయసుకి అది అవసరమా?”

అందులో న్యాయం లేకపోలేదు. చెబితే తన మనసు తేలికపడుతుంది, బావ మనసు బరువెక్కుతుంది. తన బరువు దించుకోవడానికి ఇంకొకరి నెత్తిన పెట్టడం నిజాయితీ అవుతుందా? రంపం చేతికి అందేంత దూరంలో ఉంది. ఐదు నిమిషాలు కోస్తే తన తప్పు రంపపు పొట్టులో కలిసిపోతుంది. ఎవరూ ఏమీ అనరు. పైగా మెచ్చుకుంటారు.

భార్య గుమ్మంలో నిలబడి అంతా విన్నది. అప్పుడప్పుడు ఆవిడ అలా గుమ్మంలో నిలబడుతుంది. లోపలికి రావాలంటే ఆ గదిలో కాలు పెట్టే చోటు ఉండదు. నేల మీద పళ్ళేలు, మోటార్లు, విప్పిన పీటలు.

“చెప్పకపోతే అన్నయ్యగారు మిమ్మల్ని మెచ్చుకుంటారు” అంది. “ఆ మెప్పు తెచ్చి ఎక్కడ పెట్టుకుంటారో చూసుకోండి. ఈ ఇంట్లో అయితే చోటు లేదు.”

అని లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ అంతే. ఒక మాట అని, ఆ మాటతో మనిషిని ఒంటరిగా వదిలేస్తుంది.

ఆ రోజు అతను ఇంకే పనీ చెయ్యలేదు. మర్నాడు పొద్దున్నే ప్రార్థనలో కూర్చున్నాడు కానీ ఏమీ అడగలేదు. ఏది అడిగినా తనకి తెలిసిన జవాబే వస్తుందనిపించింది. లేచి మేనకోడలికి ఫోన్ చేసి, కారు తీసుకురమ్మన్నాడు. కొత్త చెయ్యి పెట్టెలోనే ఉండనిమ్మన్నాడు. పాత చెయ్యి ఉన్నది ఉన్నట్టుగా, తప్పు తప్పుగానే, వస్తుందన్నాడు. ఆ పిల్ల, సరే, కానీ నాన్నకి ఏమైనా అయితే నీతో మాట్లాడను అంది. అదీ న్యాయమే అనుకున్నాడు.

పళ్ళెం విడిగా గుడ్డలో చుట్టాడు. చేతి వెనక బరువు తీసి జేబులో వేసుకున్నాడు. చెయ్యి ఊగకుండా దాన్ని దాని కొక్కేనికి దారంతో కట్టాడు. ప్లేయరును చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. దారిలో గుంటలు వచ్చినప్పుడల్లా మేనకోడలు అద్దంలోంచి చూసింది. ప్లేయరునా, తననా అన్నది అతనికి తెలియలేదు.

బావ వాళ్ళది రెండో అంతస్తు. ముందు గదిలో రెండు పెద్ద స్పీకర్లూ ఇంకా అక్కడే ఉన్నాయి. ఒకదాని మీద పూలకుండీ, ఇంకొకదాని మీద మందుల డబ్బాలు, కళ్ళజోడు పెట్టె, నాలుగు పాత పేపర్లు. స్పీకరు బల్ల అయిపోయిన ఇల్లంటే పాట పోయి చాలాకాలమైన ఇల్లని ఈ పనిలో ఉన్నవాళ్ళకి చూడగానే తెలుస్తుంది. బావ మూల కుర్చీలో, ఎడమ చెవి గదివైపు ఉండేలా ఒక పక్కకి తిరిగి కూర్చుని ఉన్నాడు. పద్నాలుగేళ్ళుగా ఆయన కూర్చునే తీరే అది. ముళ్ళాయన ఎన్నోసార్లు చూశాడు. అదేదో ఆయన దర్జా అనుకున్నాడు.

అక్క మంచినీళ్ళు ఇచ్చి, పొద్దున్నే ఈ ఊరేగింపేమిటని అడిగింది. కొత్త చెయ్యి సంగతి బయటపడకుండా కూతురు ఏదో సర్దింది. ముళ్ళాయన పూలకుండీ దించాడు, మందుల డబ్బాలు దించాడు. పళ్ళెం పెట్టి, రసమట్టం పెట్టి చూసి, ప్లేయరు కాలు ఒకదాని కింద మడిచిన కాగితం దూర్చాడు. జేబులోంచి బరువు తీసి చేతికి బిగించి, ముల్లు బరువు తూచాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

బీరువా తాళం తియ్యమన్నాడు. బావ నవ్వాడు.

“నాకెందుకురా ఇవన్నీ. నా చెవి సంగతి తెలుసుగా.”

“ఒక్క పాట బావా. తరవాత మీరు ఏమన్నా పడతాను.”

అక్క తాళం తీసింది. ఏ రికార్డో అడగనక్కర్లేదు. ఒక గాయని, ఆవిడ వెనక ఒకే ఒక్క పియానో. ఆ పియానోను రికార్డింగు రోజు శ్రుతి చేసింది బావే. అట్ట మీద ఆయన పేరు లేదు, కానీ ఆ ఇంట్లో అది ఆయన రికార్డే.

బావను లేపి, రెండు స్పీకర్లకీ మధ్యగా సోఫాలో కూర్చోబెట్టాడు. ముల్లు దించాడు. గొంతు వచ్చింది. వచ్చింది కానీ ఎక్కడి నుంచో తెలియలేదు. గోడల్లోంచి వస్తున్నట్టు, వెనక ఎవరో పక్కగదిలో పాడుతున్నట్టు. పియానో అడుగు స్వరాలు నీళ్ళు కలిపినట్టు పలచబడ్డాయి. ముళ్ళాయనకి చెవులు లోపలికి నొక్కినట్టయింది. ఈ ఇంట్లో ఈ శబ్దం తను వినడం ఇదే మొదటిసారి.

“ఆవిడ ఎక్కడ నిలబడి పాడుతోందో వేలు పెట్టి చూపించండి బావా.”

బావ కళ్ళు మూసుకుని విన్నాడు. తల అడ్డంగా ఊపాడు. ఎక్కడా లేదన్నాడు. కుడి చెవి పోయినప్పటి నుంచీ ఇంతేనన్నాడు. ఫిర్యాదు చేసినట్టు కాదు, వాన పడుతోందని చెప్పినట్టు చెప్పాడు.

ముళ్ళాయన ముల్లు ఎత్తాడు. గడియారాలవాళ్ళు పెట్టుకునే భూతద్దం కంటికి బిగించుకుని, చేతి కొసకి వంగాడు. అక్కడ తీగల కొసల నాలుగు చిన్న రంగు తొడుగులు, ముల్లు వెనక ఉన్న నాలుగు పుల్లలకి తొడిగి ఉన్నాయి. సన్నటి పట్టకారుతో కుడి జతలోని ఎర్రదాన్ని లాగాడు. ఆకుపచ్చదాన్ని లాగాడు. ఎర్రది ఉన్నచోట ఆకుపచ్చది, ఆకుపచ్చది ఉన్నచోట ఎర్రది తొడిగాడు. రెండు నిమిషాల పని. ముల్లును మళ్ళీ అదే పాట మొదట్లో దించాడు.

పియానో నేల మీద కాళ్ళు పెట్టింది. తరవాత గొంతు వచ్చింది. రెండు స్పీకర్ల మధ్య, క్యాలెండరు తప్ప ఏమీ లేని గోడ దగ్గర, మనిషెత్తున వచ్చి నిలబడింది.

ఎవరూ అడగలేదు. బావ చెయ్యి దానంతట అదే లేచింది. చూపుడువేలు ఆ గోడవైపు తిరిగి అక్కడే ఆగిపోయింది. పక్కకి జరగలేదు.

“మీ చెవి పోలేదు బావా” అన్నాడు ముళ్ళాయన. “తీగలు తిరగేశాను. నేనే. పద్నాలుగేళ్ళ కిందట ఇది తెచ్చి ఇచ్చినప్పుడు.”

పాట సాగుతోంది. బావ చెయ్యి దించి, ఆపమన్నట్టు సైగ చేశాడు. ముల్లు ఎత్తాక ఆ నిశ్శబ్దంలో కింద వీధిలో ఎవరో షట్టరు ఎత్తడం వినిపించింది.

“ఎప్పుడు తెలిసింది?”

“నిన్న పొద్దున.”

“నిన్ననే ఎందుకు రాలేదు?”

“ధైర్యం చాలలేదు.”

బావ తల ఊపాడు. తీగలు ఏమయ్యాయో చెప్పమన్నాడు. ముళ్ళాయన గోళ్ళరంగు చుక్కల దగ్గర నుంచి ఒక్క స్పీకరు దాకా ఏదీ వదలకుండా చెప్పాడు. చెప్పేటప్పుడు ఒక్కసారి కూడా ‘తెలియక’ అనలేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాడు. చివరికి, నిన్నటి నుంచి తనని మింగుతున్నది అడిగాడు.

“తేడా మొదటి రోజే తెలిసుంటుంది కదా మీకు. నన్ను ఒక్కమాట అడగాల్సింది.”

బావ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

“నువ్వు కొత్త పనిలోకి దిగావు. గడియారాల పని పడిపోయింది, ఇంట్లో ఏం జరుగుతోందో మీ అక్క చెబుతూనే ఉంది. నీ చేతిని అనుమానించడం కంటే నా చెవిని అనుమానించడం తేలికనిపించింది.”

ముళ్ళాయన తల ఎత్తలేకపోయాడు. బావ తిట్టి ఉంటే బాగుండేది. కొట్టినా బాగుండేది. ఎదుటివాడి మంచితనం వల్ల కూడా ఇంత నష్టం జరుగుతుందని అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ మంచితనం లేకపోతే బావ బావ కాడు. అది ఉండబట్టే ఇలా అయింది. దీన్ని ఏ పక్క నుంచి చూడాలో ఆ పైవాడికే తెలియాలి.

గుమ్మంలోంచి అక్క అందుకుంది. ఆవిడ కళ్ళు తడిగానే ఉన్నాయి, నోరు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

“అంటే ఆ చెవి బాగానే ఉందన్నమాట. పద్నాలుగేళ్ళు కుడిపక్క నిలబడి కూరగాయలు తెమ్మంటే వినపడలేదన్న మనిషి. దీని లెక్క నేను విడిగా తేలుస్తాను.”

మేనకోడలు నవ్వింది, నవ్వుతూనే మొహం తిప్పుకుంది. బావ నవ్వలేదు. ముళ్ళాయనవైపే చూస్తున్నాడు. ఆ చూపులో అప్పటిదాకా లేని గట్టిదనం ఒకటి వచ్చింది.

“నిన్ను ఏమీ అననని అనుకోకు. ఒకటి అంటాను. ప్లేయరు తెచ్చిన రోజు నువ్వు గుమ్మంలోంచే వెళ్ళిపోయావు. ఆదివారం వచ్చి పక్కన కూర్చుని రికార్డు ఒక వైపు మొత్తం వింటానన్నావు. నేను రికార్డు తుడిచి పెట్టుకుని కూర్చున్నాను. రాలేదు.”

ముళ్ళాయనకి గుర్తొచ్చింది. ఆ ఆదివారం ఎవరిదో గోడ గడియారం ఒప్పుకున్నాడు. పై ఆదివారం ఇంకేదో. ఆ తరవాత బావ పిలవలేదు, తను వెళ్ళలేదు. వెళ్ళి పది నిమిషాలు ఈ సోఫాలో కూర్చుని ఉంటే సరిపోయేది. చెవులు నొక్కినట్టయ్యేది, తప్పు ఆ పూటే దొరికేది. తీగల కన్నా ఈ పది నిమిషాలే పెద్ద తప్పనిపించింది. తీగలు తిరగేసింది తెలియక. రానిది మాత్రం తెలిసే.

“కూర్చో” అన్నాడు బావ. కొంచెం పక్కకి జరిగి, సోఫా మధ్యలో సగం చోటు ఇచ్చాడు. “మొదటి నుంచి పెట్టు.”

ముళ్ళాయన ముల్లు దించి వచ్చి కూర్చున్నాడు. ఇద్దరి భుజాలూ తగులుతున్నాయి. మొదటి పాట అయింది. రెండో పాట అయింది. బావ ఇప్పుడు పక్కకి తిరిగి లేడు, మొహం నేరుగా గోడవైపు పెట్టి కూర్చున్నాడు. మూడో పాట మొదలవగానే బావ వేలు లేచింది.

“విను. ఇక్కడ పైస్థాయిలో పియానో మెట్టు ఒకటి వస్తుంది. దానికి మూడు తీగలు. రికార్డింగు మధ్యలో అందులో ఒకటి వెంట్రుకవాసి దిగింది. పది నిమిషాలు ఆపండి, సరిచేస్తానన్నాను. ఆపలేదు. తీగలు సరిగ్గా కలవకపోతే శబ్దం నిలకడగా ఉండదు, అలలా ఊగుతుంది. అదిగో.”

స్వరం వచ్చింది, పోయింది. ముళ్ళాయనకి ఊపు ఏదీ వినిపించలేదు. అక్కవైపు చూశాడు. ఆవిడకీ వినిపించలేదు.

“ఊగింది” అన్నాడు బావ. “రెండుసార్లు.”

అలా అన్న మనిషి ఉన్నట్టుండి కదలకుండా అయిపోయాడు. వేలు గాలిలోనే ఉంది. మొహంలో ఉన్న వెలుగు నెమ్మదిగా ఇంకోలా మారడం ముళ్ళాయన పక్కనుంచి చూశాడు.

“ప్లేయరు ఒక్కదాన్ని చూసి కొట్టు వదల్లేదురా నేను” అన్నాడు, చాలా మెల్లగా. “అంత వెర్రివాణ్ణి కాను. అనుమానం వచ్చింది. వచ్చాక మా భాగస్తుణ్ణి అడిగాను, నా చెవిని పరీక్షించమని. కొట్టులో పియానో ముందు కూర్చోబెట్టాడు. ఒక మెట్టు మూడు తీగలూ కలపమన్నాడు. కలిపాను. నాకు నిలకడగా వినిపించింది. అతను మెట్టు నొక్కి, ఇంకా ఊగుతోంది కదా, వినపడట్లేదా అన్నాడు. మళ్ళీ కలిపాను. ఇంకా ఊగుతోందన్నాడు. మూడుసార్లు.”

బావ గాలిలో ఉన్న వేలు దించాడు.

“వెంట్రుకవాసి తేడా ఇవాళ వినిపించింది నాకు. డెబ్బై రెండేళ్ళకి. ఆ రోజు వినిపించలేదంటే, అక్కడ వినడానికి ఏమీ లేదు.”

మేనకోడలు గోడకి ఆనుకుని నిలబడి ఉంది, మొహం పాలిపోయింది. అక్క చేతిలో గ్లాసు పక్కన పెట్టేసింది. ముళ్ళాయన గబుక్కున లేవబోయాడు. ఎక్కడికో, ఏం చెయ్యడానికో అతనికే తెలియదు. ఆ భాగస్తుడు కూడా పొరబడి ఉండవచ్చు, అతని చెవి కూడా చెవే కదా అని ఒక మనసు చెబుతోంది. మూడుసార్లు ఎవరూ పొరబడరని, కావాలనే అన్నాడని ఇంకో మనసు చెబుతోంది.

బావ అతని మణికట్టు పట్టుకుని కిందికి లాగాడు. ముసలి చేతికి అంత బలం ఉంటుందని అతను అనుకోలేదు.

“వైపు అయిపోనీ.”

కూర్చున్నాడు. నాలుగో పాట, ఐదో పాట. ఇన్ని రికార్డ్ ప్లేయర్లు బాగుచేసిన మనిషి, ఒక రికార్డు ఒక వైపు మొత్తం కదలకుండా విని ఎన్నేళ్ళయిందో లెక్క వేసుకోలేకపోయాడు. మధ్యలో రెండుసార్లు బల్ల మీద పని గుర్తొచ్చింది, రంపం గుర్తొచ్చింది. తరవాత అవీ పోయాయి. గోడ దగ్గర నిలబడ్డ ఆవిడ, ఆవిడ వెనక పియానో, పక్కన బావ ఊపిరి. అంతే మిగిలింది. చివరి స్వరం సన్నబడి, సన్నబడి ఆగింది. ముల్లు లోపలి ఖాళీ గాడిలోకి జారి, గుండ్రంగా తిరుగుతూ చిన్నగా టిక్కు టిక్కుమంటోంది.

ముళ్ళాయన లేచి చేతిని ఎత్తి, కొక్కేనికి పెట్టాడు.

“నీ ఆదివారం ముట్టింది” అన్నాడు బావ, సోఫా చెయ్యి పట్టుకుని లేస్తూ. “మీ అక్కనడిగి నా చెప్పులు ఎక్కడున్నాయో చూడు. మా భాగస్తుడు మధ్యాహ్నం కొట్టు మూసేలోపల వెళ్ళాలి.”